లిమ్సాలో కేకలు

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్లు కొందరు కనబడుతున్నారు. పిల్లల్ని దింపేసి వెళ్లిపోకుండా కూర్చున్నారు, సంతోషం. మీకోసం ముందు రెండు ముక్కలు చెప్పేస్తాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ఫైనల్ ఫాంటసీ 14 అని ఒక ఆన్‌లైన్ ఆట ఉంది. జపాన్‌లోని స్క్వేర్ ఎనిక్స్ వాళ్లది. 2010లో మొదటిసారి వచ్చి బోల్తా కొట్టింది. నవోకి యోషిదా చేతికిచ్చి దాదాపు పునాదుల నుంచి మళ్లీ కట్టించారు, 2013 ఆగస్టులో విడుదల చేస్తే నిలబడింది. రాక్షసుల్ని కొట్టేవాళ్లు కొడుతుంటారు, చేపలు పట్టేవాళ్లు పడుతుంటారు. ఇంకో రకం జనం కూడా ఉన్నారు, వేషం కట్టేవాళ్లు. రోల్‌ప్లే అంటారు, పొట్టిగా ఆర్పీ. వీళ్లలో ప్రతివాడూ తను అల్లుకున్న పాత్రలాగే మాట్లాడతాడు. ఆ పాత్రకో గతం, ఓ పగ, ఎక్కడో ఓ బాకీ ఉంటాయి. వీళ్లు కూడే చోట్లే వెన్యూలు. ఆటలో కొన్న ఇంటిని కేఫ్‌లానో బార్‌లానో నైట్‌క్లబ్‌లానో ముస్తాబు చేసి, వారంలో ఫలానా రాత్రి అని తలుపులు తీస్తారు. గుమ్మంలో పలకరించేవాళ్లుంటారు, కౌంటర్ వెనక గ్లాసులు నింపేవాళ్లుంటారు. డీజే కూడా ఉంటాడు, కాకపోతే ఆటలో అతని పాట వినిపించే ఏర్పాటు లేదు. కాబట్టి ట్విచ్ అనే లైవ్ ప్రసారాల సైట్‌లో వాయిస్తాడు, వచ్చినవాళ్లు అక్కడ వింటూ ఇక్కడ గెంతుతారు. నవ్వకండి, ఆ ఇళ్ల అలంకరణ చూస్తే ముక్కున వేలేసుకుంటారు. వస్తువుల్ని ఒకదానిలోకి ఒకటి దూర్చి, ఆటలో లేని మెట్లు, లేని గోడలు పుట్టిస్తారు.

ఇది చెడ్డపని అని చెప్పడానికి నేను రాలేదు. నాకు వెన్యూలంటే ఇష్టమే. నా పేచీ అంతా వాళ్లు జనాన్ని పిలిచే తీరుతో.

లిమ్సా లొమిన్సా అని ఆటలో ఓ ఓడరేవు పట్నం ఉంది. తెల్లరాతి మేడలు, కింద సముద్రం. మనకి పరాయి ఊరనిపించదు. అక్కడ వాయువేగ ప్రయాణాలకి పనికొచ్చే పెద్ద స్ఫటికం, సామాన్లు అమ్ముకునే మార్కెట్ బోర్డు, పనివాళ్లని పిలిచే గంట, అన్నీ నాలుగడుగుల్లో ఉంటాయి. అందుకని పనున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ అక్కడే తేలతారు. వారాంతంలో అక్కడ నిలబడి చాట్ పెట్టె చూడండి. మొదట ఓ నక్షత్రం, ఓ హృదయం, మళ్లీ నక్షత్రం. 'ఈ రాత్రి తలుపులు తెరిచాం!' తర్వాత డీజే పేరు. కింద 'లావెండర్ బెడ్స్, వార్డు 9, ప్లాట్ 41'. ఆపైన లాటరీ, గెలిచినవాడికి లక్షల గిల్, అంటే ఆటలోని డబ్బు. మళ్లీ మూడు హృదయాలు. అది పైకి జరిగేలోపు ఇంకో వెన్యూది, అది అయ్యేలోపు మొదటిదే మళ్లీ. ఇదంతా కూర్చుని టైపు చేస్తున్నారనుకుంటున్నారా? మాక్రో అని ఒక సదుపాయం ఉంది. పదిహేను వరసల దాకా ముందే రాసి దాచుకుని ఒక్క మీటతో వదలచ్చు. ఆ మీట మీద వేలు తీయనివాళ్లు కొందరు.

ఈ నక్షత్రాల మధ్య ఎక్కడో ఒక వరస ఉంటుంది: 'ఫిషర్మెన్స్ గిల్డ్‌కి దారెటండీ?' పేరు పక్కన మొలక గుర్తు, అంటే ఆటకి కొత్త. ఆ ప్రశ్న తెర మీద నిలిచేది కొన్ని సెకన్లు. ఎవరికీ చెప్పకూడదని కాదు, ఎవరి కంటా పడదు.

మీలో ఫ్రీ ట్రయల్ మీద ఆడేవాళ్లు చాలామందే ఉంటారు, చేతులెత్తక్కర్లేదు. డెబ్భయ్యో లెవెల్ దాకా ఉచితం కదా, కాలేజీ పిల్లలకి అది చాలు. ఆ ఖాతాతో షౌట్, అంటే పెద్ద కేక, చేయడం కుదరదు, యెల్, అంటే అంతకంటే చిన్న కేక, చేయడం కుదరదు, ముందుగా ఎవరికీ టెల్, అంటే ఒక్కరికే వెళ్లే మాట, పంపడమూ కుదరదు. పక్కనున్నవాళ్లకి వినిపించే సే ఒక్కటే దిక్కు. షౌటేమో ఆ ప్రాంతమంతా వినబడుతుంది. అంటే గట్టిగా అరిచే హక్కు ఉన్నవాడి ప్రకటన, మెల్లగా అడగడం తప్ప దారిలేనివాడి ప్రశ్న, రెండూ ఒకే పెట్టెలో పడుతున్నాయి. ఏది మునుగుతుందో చెప్పాలా?

సరే, వెన్యూవాళ్లు ఎందుకిలా చేస్తారు? ఒట్టి పొగరు అంటే నేనొప్పుకోను. ఆటలో ఇళ్ల ఏర్పాటు చూడండి. మిస్ట్, లావెండర్ బెడ్స్, గాబ్లెట్, షిరోగానె, ఎంపిరియం అని అయిదు పేటలు. ఒక్కో పేటలో బోలెడు వార్డులు, వార్డుకి అరవై ప్లాట్లు. ఏ వార్డుకి ఆ వార్డు విడి లోకం. దారిన పోతూ దీపాలు చూసి లోపలికి తొంగిచూసే మనిషి ఆ వీధుల్లో ఉండడు. పేట, వార్డు ఎంచుకుని మరీ వెళ్లాలి. అంత అందంగా కట్టుకున్న కొట్టు ముందు జనసంచారమే లేదు. మరి జనం ఎక్కడున్నారు? లిమ్సాలో. దాంతో యజమాని అక్కడికొచ్చి కేకేస్తాడు. ఆటగాళ్లు వేరువేరు సర్వర్లలో ఉంటారు, కొన్ని సర్వర్ల గుంపుని డేటా సెంటర్ అంటారు. దీనికి తోడు 2019లో ఒక డేటా సెంటర్‌లోని సర్వర్ల మధ్య, 2022 జూలైలో డేటా సెంటర్ల మధ్య కూడా రాకపోకలకి వీలిచ్చారు. అప్పటిదాకా తన సర్వర్ జనాన్నే పిలుచుకున్నవాడికి ఇప్పుడు పక్క సర్వర్ల లిమ్సాలూ అందుబాటులోకొచ్చాయి. వాళ్లకీ ఇతని లిమ్సా అందుబాటులోకొచ్చింది. గోల పెరగక ఏమవుతుంది?

మన ఫ్లెక్సీల సంగతి గుర్తు చేసుకోండి. 2022 ఆగస్టు 26న ఇదే వైజాగ్‌లో, బీచ్ శుభ్రం చేసిన రోజున, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ఆ తర్వాత పండక్కీ పుట్టినరోజుకీ ఏం జరుగుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. కట్టినవాడికి ఫ్లెక్సీ ఒక్కటే. దాని వెనక దారి చూపే బోర్డు దాగిపోయిందన్నది అతని లెక్కలోకి రాదు. ఎదుటివాడు రెండు కడితే ఇతను మూడు కట్టాలి, ఆఖరికి ఎవరిదీ ఎవరూ చదవరు. షౌట్‌ది అచ్చం ఇదే లెక్క, పైగా ఇక్కడ బట్ట ఖర్చు కూడా లేదు.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: 'నచ్చకపోతే షౌట్ ఆపుకో బాబూ.' ఆపుకోవచ్చు, నిజమే. చాట్ ట్యాబుల్లో ఏది కనబడాలో ఏది వద్దో ఎంచుకునే వీలుంది. 2024లో డాన్‌ట్రెయిల్ అనే విస్తరణతో మ్యూట్ లిస్టు, ఫలానా మాట ఉన్న వరసల్ని దాచేసే ఫిల్టరూ వచ్చాయి. షౌట్‌కి విడిగా ఒక ట్యాబ్ పెట్టుకోండి, హాయిగా ఉంటుంది, నేనూ చెప్తాను. కానీ ఇది జవాబు కాదు. హంట్ ట్రెయిన్, అంటే గుంపుగా రాక్షసుల్ని ఒకదాని తర్వాత ఒకటి వేటాడే జట్టు, ఎటు కదులుతోందో చెప్పేది షౌట్‌లోనే, నలుగురూ కలిస్తే తప్ప చావని రాక్షసుడు లేచాడని కేక పెట్టేదీ అక్కడే. తెలిసినవాళ్లంతా చెవులు మూసుకుంటే షౌట్‌లో మిగిలేది ప్రకటనలిచ్చేవాళ్లూ, సెట్టింగులు తెలియని మొలకలూ. నిన్నగాక మొన్న ఆటలోకి వచ్చిన పిల్లాడు ఫిల్టర్లు వెతుక్కోవాలనడం ఏం న్యాయం?

పైగా ఆ ప్రకటనల్లో కొన్ని పెద్దలకు మాత్రమే అన్న బాపతు. ఆటకి అమెరికాలో ఉన్నది టీన్ రేటింగ్, నడివీధిలో ఆ కేకలు దానికి తగవు. ఇంట్లో తలుపేసుకుని ఏం ఆడుకుంటారో వాళ్లిష్టం, నడివీధి సంగతి వేరు.

మిగతా చోట్ల ఏం చేశారు? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే మరో ఆన్‌లైన్ ఆటలో ట్రేడ్ చాట్ ఇలాగే పాడైంది, అక్కడ గొడవ డబ్బు తీసుకుని రెయిడ్లు, అంటే గుంపుగా చేసే పెద్ద పోరాటాలు, దాటించేవాళ్లది. ఆ ఆట నడిపే బ్లిజార్డ్ 2022 జనవరి చివర్లో అలాంటి సంస్థల్నే నిషేధించింది. మామూలు ఆటగాళ్ల సేవల ప్రకటనలకి విడిగా ఒక చానెల్ ఉంది. 2003లో వచ్చిన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకం దారి ఇంకొకటి. అక్కడ వెతుకుడు పెట్టెలోనే స్థలాలు, కార్యక్రమాలు, క్లాసిఫైడ్స్ ఉంటాయి. ఎవడైనా పాట వినాలనుకుంటే వెతుక్కుని వెళ్తాడు. నాకిదే నచ్చుతుంది. కేకలు ఆపమనే ముందు నోటీసు బోర్డు ఒకటి ఇవ్వాలి. లిమ్సాలో ఓ మూల గోడకి 'ఈ రాత్రి తెరిచి ఉన్నవి' అని పట్టిక పెట్టి, నొక్కితే గుమ్మం దగ్గర దింపితే చాలు, సగం గోల చల్లారుతుందని నా నమ్మకం. ఆటగాళ్లే ఆట బయట ఇలాంటి జాబితాలు నడుపుతున్నారు, డిస్కార్డ్ చాట్ గుంపులూ ఉన్నాయి. కానీ వాటి సంగతి పాతకాపులకి తెలుసు, కొత్తవాడికి తెలియదు. జట్టుకి మనుషుల్ని వెతుక్కునే పార్టీ ఫైండర్ జాబితాలో ప్రకటన పెట్టేవాళ్లూ ఉన్నారు, దాంతో రెయిడ్‌కి మనుషుల్ని వెతుక్కునేవాడు క్లబ్బుల జాబితా చదువుకుంటున్నాడు.

బోర్డు వచ్చేదాకా? 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఉమ్మడి చెరువులు, అడవులు, చేపల వేటల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పైనుంచి సర్కారు రాకపోయినా, అమ్మేయకపోయినా, వాడుకునేవాళ్లే కట్టుబాటు పెట్టుకుని, తప్పినవాడికి ముందు చిన్న మందలింపు, తర్వాత పెద్దది అంటూ కాపాడుకున్న ఊళ్లు ఎన్నో చూపించారు. ఒక సర్వర్లో వెన్యూలు నడిపేవాళ్లు లెక్కకి మిక్కిలేం కాదు, ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఒకే రాత్రి అందరూ తెరవకుండా వంతులేసుకోవచ్చు. గంటకొక్కసారి, ఒక్క వరస అనుకోవచ్చు. హద్దు మీరినవాడి దగ్గరికి తోటి యజమాని వెళ్లి 'ఏటి గురూ ఇది' అంటే పడే దెబ్బ, నాలాంటి దారినపోయేవాడు రిపోర్టు కొడితే పడదు.

ఈ హాల్లోనూ ఒకరిద్దరు వెన్యూ నడుపుతున్నారని విన్నాను. మీకు చెప్పేది పనికొచ్చే మాటే. హృదయాలు తీసేయండి. పేరు, పేట, వార్డు, ప్లాట్, సర్వర్, టైమ్, ఇంతే రాయండి. టైమ్ కూడా ఈఎస్టీలో, అంటే అమెరికా తూర్పు తీరం టైమ్‌లో, వద్దు. అక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదంటే చలికాలంలో మనకి శనివారం ఉదయం ఏడున్నర. ఆ లెక్క వేసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. సర్వర్ టైమ్ వేయండి, మనవాళ్లు దానికి అయిదున్నర గంటలు కలుపుకుంటారు. ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరస నుంచి మొదలుపెడదామా?