వలందపాలెం ఎవరిది?

అందరికీ నమస్కారం.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడ వలందపాలెం వాళ్లు ఎంతమంది ఉన్నారు? ఆ, చాలామందే ఉన్నారు. మరి వలందులంటే ఎవరమ్మా? చెప్పలేకపోతే తప్పేం లేదు. అక్కడే పుట్టి పెరిగిన మా మేనమామకీ తెలీదు. 'ఎవరో వలందయ్య అని భూస్వామి ఉండుంటాడ్రా' అనేవాడు. వలందులంటే హాలండు వాళ్లు, అంటే డచ్చివాళ్లు. పరాసులంటే ఫ్రెంచివాళ్లు, అందుకే పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సంగతి నేను విప్పి చెప్పక్కర్లేదు. ఈ పేటలన్నీ ఉన్న మన మచిలీపట్నాన్ని బందరు అంటామా, అసలు ఆ బందరు అన్న మాటే పారశీకం, రేవు అని అర్థం. కూరగాయల సంచీ తగిలించుకుని సైకిలు మీద ఒక చుట్టు తిరిగొస్తే నాలుగు భాషలు దాటినట్టే.

ఆ వలందులు ఇక్కడ గిడ్డంగి పెట్టింది 1605లో. ఇంగ్లీషువాళ్లు 1611లో దిగారు. అప్పటికి మనది గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. వాళ్లకు మన దగ్గర ముఖ్యంగా కావలసింది బట్ట. తూర్పు దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే మన అద్దకం బట్ట చేతిలో ఉండాలి. ఆ బేరం కోసమే ఇక్కడిదాకా వచ్చారు. వచ్చినవాళ్లలో కొందరు తిరిగి వెళ్లలేదు. వాళ్లే మన డచ్చి సమాధుల తోటలో ఉన్నారు.

నేను మొదటిసారి ఆ తోటలోకి వెళ్లింది చరిత్ర కోసం కాదండీ, బంతి కోసం. అప్పుడు నాకు పదేళ్లు. ఒక పలక మీద మేక పడుకుని ఉంది. దాన్ని అదిలిస్తే, దాని పొట్ట కింద శిరస్త్రాణం, డాలు చెక్కిన బొమ్మ కనపడింది. ఎవరో రాజుగారి సమాధి అనుకున్నాను. రాజూ కాదు, మంత్రీ కాదు. డచ్చి వర్తక కంపెనీ ఉద్యోగి, ఆ బొమ్మ వాళ్ల వంశపు గుర్తు. ఇప్పుడక్కడ పురావస్తు శాఖ బోర్డు ఉంది.

ఆ పలకల దగ్గర కూర్చుని చూడాలి, నిలబడి చూస్తే లాభం లేదు. మన శాసనాల్లో అక్షరాన్ని రాతిలోకి తవ్వుతారు. వీటిలో అక్షరాన్ని వదిలేసి చుట్టూ ఉన్న రాయిని చెక్కేశారు, అందుకని అక్షరం ఉబ్బెత్తుగా నిలుస్తుంది. వేలితో తడిమి చదవొచ్చు. 'హీర్ లైట్ బెగ్రావెన్' అని మొదలయ్యే పలకలు డచ్చి సమాధుల్లో మామూలు. ఫలానావారిని ఇక్కడ పూడ్చారు అని. ఆ తరవాత పేరు, హోదా, చనిపోయిన తేదీ. కొన్నిటి మీద వయసు కూడా ఇన్నేళ్లు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు అని ఉంటుంది. హోదా దగ్గర నాకేమీ అనిపించదు గానీ, ఆ రోజుల లెక్క దగ్గర మాత్రం ఆగిపోతాను. ఇంట్లో ఎవరో వేళ్లు మడిచి లెక్కపెట్టి ఉంటారు కదా.

ఒక తప్పు ఒప్పుకోవాలి. కుర్రతనంలో అక్షరాలు కనపడట్లేదని సుద్దముక్క అరగదీసి పలకంతా పులిమాను. చదవగలిగాననే మురిసిపోయాను. రుద్దితే రాయి అరుగుతుందని తరవాత తెలిసింది. సుద్ద వద్దు, నూనె వద్దు, ఇనప బ్రష్షు అసలే వద్దు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే వేళకి వెళ్తే ప్రతి అక్షరం పక్కన నీడ పడుతుంది. దానంతటదే చదివిస్తుంది.

సరే, పలక చదివాం. నా అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. ఈ గోడ లోపల ఉన్నది రాయి కొనగలిగినవాళ్లు మాత్రమే. ఆ బట్ట నేసినవాళ్లేరీ? కరక్కాయ నీళ్లలో ముంచి, రంగు అద్ది, కాలవలో ఉతికినవాళ్లేరీ? ఓడలదాకా బేళ్లు మోసిన పడవ సరంగులేరీ? 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో ఎంతమందికి పేరు చెక్కిన రాయి ఉంది? సమాధుల తోట చూసొచ్చి 'బందరు చరిత్ర చూశాం' అనేవాళ్ల మీద నాకు కోపం అందుకే.

రాయి లేనివాళ్లను మాటల్లో వెతకాలి. కోరంగి చూడండి. గోదావరి మొగలో ఓడలు కట్టిన ఊరు. 1839 ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది. ఆ రేవు పోయింది గానీ, బర్మాకు కూలికెళ్లిన తెలుగువాళ్లందరికీ అక్కడ 'కోరంగీలు' అన్న పేరే నిలిచింది. కోరంగి మొహం చూడనివాడు కూడా రంగూన్‌లో కోరంగీయే! నరసాపురం దగ్గర మాధవాయపాలెం ఇంకో వింత. ఇంగ్లీషువాళ్లు అక్కడ బట్ట కొన్నారు, ఊరి పేరు పలకలేక 'మడపొల్లం' అన్నారు. ఇంగ్లీషు నిఘంటువు తీస్తే ఆ మాట ఇప్పటికీ ఉంది, ఒక రకం నూలుబట్ట అన్న అర్థంతో. ఊరి పేరు బట్టకొచ్చింది, నేసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా రాలేదు.

డచ్చివాళ్లు 1825లో మన తీరంలో మిగిలిన తమ స్థావరాలు ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పి వెళ్లిపోయారు. వాళ్ల కంపెనీ కాగితాలు హేగ్ నగరంలో భద్రంగా ఉన్నాయి. మన వైపు కాగితం తక్కువ, ఉన్నవి పేటల పేర్లూ పెద్దవాళ్ల నోటిమాటలూ. అందుకే ఆదివారం కార్యక్రమం రెండు ముక్కలు చేశాను. ఆరున్నరకి సమాధుల తోట దగ్గర కలుద్దాం, ఎండ నెత్తికెక్కేలోపు పలకలు అయిపోవాలి. టోపీ, మంచినీళ్లు, కొలత టేపు తెచ్చుకోండి. ఆ తరవాత పెడన వెళ్లి, అద్దకం పనివాళ్లలో డెబ్బై దాటినవాళ్లను కూర్చోబెట్టుకుని వాళ్ల తాతల పేర్లు అడిగి రాసుకుందాం. వలందపాలెం వాళ్లు ఈలోగా ఇంట్లో ముసలివాళ్లను అడిగి రండి, మీ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందని. వలందయ్య కథ చెప్పినా సరే, కొట్టిపారేయకుండా రాసుకురండి.