కీళ్లవాతం ఇంజెక్షన్‌కు ముందు టీబీ పరీక్ష ఎందుకు? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: బెంగళూరు తెలుగు శ్రోతలకు నమస్కారం. రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం డాక్టర్ మేడం స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ మారతహళ్లి నుంచి.

శ్రోత: నమస్తే మేడం. మా అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ మందుతో తగ్గట్లేదని అడాలిముమాబ్ ఇంజెక్షన్ రాశారు. ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ టెస్టు చేయించమన్నారు. ఆవిడకు దగ్గు కూడా లేదు, ఇవన్నీ ఎందుకండీ?

డాక్టర్: తప్పకుండా చేయించండి బాబూ. కీళ్లలో మాక్రోఫేజ్ కణాలు, అంటే క్రిముల్ని మింగే తెల్లకణాలు, టీఎన్‌ఎఫ్ అనే రసాయనం వదులుతాయి. పక్క కణాలు దాన్ని అందుకుని ఐఎల్-6 లాంటి రసాయనాలు ఇంకొన్ని వదులుతాయి. తెల్లకణాలు వచ్చి చేరి కీలు వాస్తుంది. ఈ ఇంజెక్షన్ టీఎన్‌ఎఫ్‌ను పట్టేస్తుంది. చిక్కేమిటంటే, ఎప్పుడో ఒంట్లోకొచ్చి చావకుండా ఉండిపోయిన టీబీ క్రిమిని కట్టడి చేసేదీ టీఎన్‌ఎఫే. క్రిమి చుట్టూ మాక్రోఫేజ్‌లు, టీ కణాలనే ఇంకో రకం తెల్లకణాలు గుమిగూడి గ్రాన్యులోమా అనే గోడ కడతాయి. టీ కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం వదిలి మాక్రోఫేజ్‌కు చురుకు పుట్టిస్తుంది. ఆ మాక్రోఫేజ్ వదిలే టీఎన్‌ఎఫ్ మిగతా కణాల్ని అక్కడే నిలబెడుతుంది. ఇంజెక్షన్ వల్ల ఆ సంకేతం ఆగిందా, గ్రాన్యులోమా సడలి క్రిమి బయటపడుతుంది. అప్పుడొచ్చే టీబీ ఊపిరితిత్తుల్లోనే ఉండాలని లేదు. దగ్గు లేదని వదిలేయకూడదు.

శ్రోత: రక్తపరీక్షా, చేతి మీద సూదా?

డాక్టర్: మీ డాక్టర్ ఏది రాస్తే అది. రక్తపరీక్ష పేరు ఇగ్రా. రక్తంలో టీబీ ప్రొటీన్లు కలిపి 16 నుంచి 24 గంటలు ఉంచి, టీ కణాలు ఎంత ఇంటర్‌ఫెరాన్ గామా వదిలాయో కొలుస్తారు. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా దీన్ని తికమక పెట్టదు. చేతి మీద సూది, అంటే మాంటూ అయితే 48 నుంచి 72 గంటల మధ్య చూపించాలి. ఎర్రదనం కాదు, వేలికి తగిలే గట్టి భాగాన్నే కొలవాలి. ఇలాంటి ఇంజెక్షన్‌కు ముందు 5 మిల్లీమీటర్లున్నా పాజిటివే. స్టెరాయిడ్ వాడుతుంటే ముందే చెప్పండి, టీ కణాలు మందగించి ఉత్తుత్తి నెగటివ్ రావచ్చు.

శ్రోత: పాజిటివ్ వస్తే ఇంజెక్షన్ లేనట్టేనా?

డాక్టర్: అదేం లేదు. ఎక్స్‌రే బాగుండి, జ్వరం, బరువు తగ్గడం లాంటివి లేకపోతే ఐసోనియాజిడ్ లాంటి నివారణ మందు మొదలుపెడతారు. మామూలుగా నెల గడిచాక ఇంజెక్షన్ ఇస్తారు. మాత్రలు మాత్రం కోర్సంతా మింగాలి. హెపటైటిస్ బి పరీక్ష కూడా కలిపి చేయించేయండి.

యాంకర్: ఈ రసాయనాలకు ఒంట్లోనే బ్రేకులుండవా మేడం?

డాక్టర్: ఎందుకుండవు! రెగ్యులేటరీ టీ కణాలున్నాయి. తోటి టీ కణాలు పెరగడానికి కావలసిన ఐఎల్-2 అనే రసాయనాన్ని ఇవే తాగేస్తాయి, ఐఎల్-10 అనే ఇంకో రసాయనం వదిలి వాపును అణుస్తాయి. వీటి మీద పనికే 2025లో సకగుచి, బ్రంకోవ్, రామ్స్‌డెల్ అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. ఇమ్యూనిటీ బూస్టర్ పొడులు అమ్మేవాళ్లు ఈ బ్రేకుల సంగతి ఎత్తరు.

యాంకర్: కేఆర్ పురం నుంచి ఇంకో కాల్.

శ్రోత: మేడం, నేను టోసిలిజుమాబ్ అనే మందు మీద ఉన్నాను. రెండ్రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉంది, మూత్రంలో మంట. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ చూపే సీఆర్పీ రక్తపరీక్ష నార్మల్ వచ్చింది. ఇన్ఫెక్షన్ లేనట్టే కదా?

డాక్టర్: అలా అనుకోకండమ్మా. ఐఎల్-6 వెళ్లి చెబితేనే లివర్ సీఆర్పీ తయారుచేస్తుంది. మీ మందు ఆ ఐఎల్-6ను అందుకునే రిసెప్టర్‌నే మూసేసింది. లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్పీ లేవకపోవచ్చు, జ్వరమూ గట్టిగా రాకపోవచ్చు. ఈరోజే యూరిన్ కల్చర్‌కు, రక్తకణాలు లెక్కించే సీబీసీకి శాంపిల్ ఇవ్వండి. యాంటీబయాటిక్ మింగకముందే శాంపిల్ ఇవ్వాలి. మీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పి, ఆయన సరేననేదాకా తర్వాతి డోసు వేయించుకోకండి.