నోట్‌ప్యాడ్‌లో మీ మొదటి వెబ్ పేజీ, తెలుగులో

హాయ్ అండీ, నమస్కారం. ఈ రోజు మన పేరుతో ఒక వెబ్ పేజీ చేద్దాం. ఒక్కటే పేజీ. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. నోట్‌ప్యాడ్ ఉంది, బ్రౌజర్ ఉంది, అంతే. ఇదిగో, తెరిచాను. ఖాళీగా ఉంది.

ముందే సేవ్ చేసేస్తున్నా. కంట్రోల్ ఎస్. పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్, అన్నీ చిన్న అక్షరాలే. ఆగండి, కింద ‘సేవ్ యాజ్ టైప్’ అని ఉంది చూడండి, అక్కడ ‘ఆల్ ఫైల్స్’ పెట్టండి. లేకపోతే చివర డాట్ టీఎక్స్‌టీ వచ్చి చేరుతుంది, చాలా కంప్యూటర్లలో అది కనపడదు కూడా. అప్పుడు ఫైల్ మీద ఎన్నిసార్లు క్లిక్ చేసినా మళ్ళీ నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది.

సరే, టైప్ చేస్తున్నా, స్క్రీన్ చూడండి. డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్. తర్వాత హెచ్‌టీఎంఎల్ ట్యాగ్, దాని లోపల హెడ్, దాని కింద బాడీ. ట్యాగ్ అంటే < > గుర్తుల మధ్య రాసే మాట. తెరిచిన ట్యాగ్ మూసేయాలి, మూసేటప్పుడు ముందు స్లాష్. హెడ్‌లో టైటిల్, అది పైన ట్యాబ్ మీద కనిపించే పేరు. బాడీలో హెచ్ వన్, మన పేరు. కింద పీ ట్యాగ్, మన గురించి రెండు వాక్యాలు. సేవ్. ఫైల్ మీద డబుల్ క్లిక్. వచ్చేసింది! పెద్ద అక్షరాల్లో పేరు, కింద పేరా.

వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్ వాడేవాళ్ళు ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే ఈ అస్థిపంజరం మొత్తం దానంతట అదే వస్తుంది. నేను రోజూ అలాగే చేస్తాను. కానీ మొదటి పేజీ మాత్రం చేత్తో టైప్ చేయండి. ఏ ట్యాగ్ ఎక్కడ మూశామో చేతికి అలవాటవుతుంది.

ఇప్పుడు కొంచెం నెమ్మదిగా వెళ్దాం. నా మొదటి పేజీ ఇలాగే చేశాను, నా కంప్యూటర్‌లో తెలుగు చక్కగా కనిపించింది. ఆన్‌లైన్‌లో పెట్టాను. తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అంతా పిచ్చి గుర్తులు. ఫాంట్ తప్పేమో అనుకుని రోజంతా ఫాంట్లు మార్చాను. ఫాంట్‌కి దీనికీ సంబంధమే లేదండీ.

చూడండి, ‘తెలుగు’ అని రాస్తున్నా. మనకి మూడు అక్షరాలు. కంప్యూటర్‌కి ఆరు: త, దాని ఎత్వం, ల, దాని కొమ్ము, గ, దాని కొమ్ము. అక్షరాల్ని బైట్లుగా, అంటే కంప్యూటర్ దాచుకునే చిన్న ముక్కలుగా, రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. ఇది యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కి ఎవరూ చెప్పలేదనుకోండి, పాత పద్ధతిలో ఒక్కో బైటుని ఒక్కో గుర్తుగా చదివేస్తుంది. ఇదిగో, నా పాత పేజీ. ప్రతి మూడు గుర్తులకీ మొదట నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’ కనిపిస్తోందా? అది వరసగా కనిపిస్తే జబ్బు ఇదే. మన కంప్యూటర్‌లోని ఫైల్ అయితే బ్రౌజర్ చాలావరకు తనే ఊహించుకుని సరిగ్గా చూపిస్తుంది. సర్వర్ నుంచి, అంటే ఆన్‌లైన్‌లోంచి వచ్చినదానికి అలా ఊహించదు. అందుకే మన దగ్గర బాగుండి అక్కడ పాడవుతుంది.

మందు ఒక్క లైను. హెడ్ తెరవగానే, మెటా, క్యార్‌సెట్ ఈక్వల్స్, కోట్స్‌లో యూటీఎఫ్ హైఫన్ 8. టైటిల్‌కి ముందే పెట్టండి, కింద ఎక్కడో కాదు. ఫైల్ మొదటి 1024 బైట్ల లోపల ఈ లైను ఉండాలని నియమం, మన తెలుగేమో బైట్లు త్వరగా తినేస్తుంది. మళ్ళీ చెప్తున్నా, హెడ్ తర్వాత మొదటి లైను ఇదే.

పిచ్చి గుర్తులు కాకుండా ప్రశ్నార్థకాలే వరసగా వస్తే అది వేరే సంగతి. నోట్‌ప్యాడ్ ఫైల్‌ని ‘ఆన్సీ’ అనే పద్ధతిలో సేవ్ చేసిందన్నమాట. అక్షరాలు పోయినట్టే, మళ్ళీ టైప్ చేసుకోవాలి. కింద కుడి మూల యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసుకోండి.

పనిలో పని, పైన హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో ల్యాంగ్ ఈక్వల్స్ టీఈ అని కూడా రాయండి. చూపు లేనివాళ్ళకి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి ఇది తెలుగు అని తెలియాలి కదా. రెండక్షరాల పని, దయచేసి మానకండి.

ఇక ఫొటో. ఐఎంజీ, ఎస్‌ఆర్‌సీ, ఫైల్ పేరు. ఫొటో అదే ఫోల్డర్‌లో ఉండాలి, ‘సీ డ్రైవ్’ అంటూ దారంతా రాస్తే మీ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆల్ట్‌లో ఫొటోలో ఏముందో ఒక మాట. లింక్‌కి ఇంగ్లీషు అక్షరం ‘ఎ’ పేరుతో ఉన్న ట్యాగ్, హెచ్‌రెఫ్, అడ్రస్. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ అనే పరిశోధన సంస్థలో ఉండగా 1991లో బయటికొచ్చిన మొట్టమొదటి వెబ్‌సైట్ కూడా మాటలూ లింకులే, అప్పటికి ఐఎంజీ ట్యాగ్ పుట్టనే లేదు. నేను ఆ సైట్‌కే లింక్ ఇస్తున్నా.

కంట్రోల్ ఎస్. ఆల్ట్ ట్యాబ్, బ్రౌజర్‌కి. ఎఫ్ 5. ఫొటో వచ్చింది. లింక్ నొక్కుతున్నా... తెరుచుకుంది. వెనక్కి వస్తే, ఇదిగో, మన పేజీ.