మరకకు మందు, బండకు గండం

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషిని. ఇల్లు శుభ్రం చేసుకునే చిట్కాలు చెప్పమని పిలిచారు. మగవాళ్లు కూడా కొందరు కనిపిస్తున్నారు, సంతోషం. తోమేది ఎవరన్న పట్టింపు జిడ్డు గిన్నెకి లేదు.

చిట్కాలకేం, ఫోన్ తెరిస్తే బోలెడు. ఏ మరకకైనా నిమ్మరసం, వంటసోడా కలిపి పోయమంటారు. బుస్సుమని పొంగుతుంది, వీడియోకి బాగుంటుంది. నిమ్మరసం ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి తినేస్తాయి. ఆ పొంగు కార్బన్ డయాక్సైడు. అది పోయాక మిగిలేవి పెద్దగా పనికిరాని చప్పటి నీళ్లు. విడివిడిగా వాడితే మాత్రం రెండూ మొనగాళ్లే.

ముందు ఆ మరక ఏమిటో చూడండి. మన బోరు నీళ్లలో చాలాచోట్ల కాల్షియం ఎక్కువ. కుళాయి మొదట్లో, బకెట్ అంచున తెల్లగా గార కడుతుంది. సబ్బుతో ఎంత రుద్దినా చేతులు నొప్పి పుట్టడమే. పాత నూలుగుడ్డని నిమ్మరసంలోగానీ వెనిగర్‌లోగానీ తడిపి, కుళాయికి చుట్టి అరగంట వదిలేయండి. దగ్గరికి వెళ్లి చూస్తే గుడ్డ అంచున సన్నసన్నటి బుడగలు కనిపిస్తాయి. గార కరుగుతోందన్నమాట. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేయండి.

ఇత్తడి చెంబు, రాగి బిందె సంగతి మీకు నేను చెప్పాలా! చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, ఆ నల్లటి పొరని కరిగిస్తుంది. కాస్త ఉప్పు కలిపితే పని ఇంకా తొందరగా అవుతుంది. కాకపోతే పులుసు పట్టించి మర్చిపోకండి. తోమిన వెంటనే బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవండి. తడి ఉంచితే మళ్లీ నల్లబడుతుంది.

జిడ్డు దగ్గర పులుపు అంతగా పనిచేయదు. అక్కడ క్షారం కావాలి. అమ్మమ్మలు బూడిదతో అంట్లు తోమింది అందుకే. కట్టెల బూడిదలో పొటాషియం కార్బనేట్ ఉంటుంది. ఇప్పుడు బట్టల సోడా వేసిన వేడినీళ్లలో జిడ్డు పట్టిన స్టీలు గిన్నెలు నానబెట్టండి. చేతికి గ్లౌజులు వేసుకోండి. అల్యూమినియం సామాన్లు మాత్రం అందులో ముంచకండి, నల్లబడతాయి. కొన్ని చిమ్నీ ఫిల్టర్లు కూడా అల్యూమినియమే, చూసుకోండి.

ఇక అసలు సంగతికొస్తాను. మరక ఏమిటన్నదే కాదు, అది దేనిమీద ఉందన్నది కూడా చూడాలి. మన ఇళ్లలో కడప బండలు, తాండూరు బండలు, బేతంచర్ల బండలు ఉంటాయి కదా, అవన్నీ సున్నపురాయే, అంటే కుళాయి మీది గారలాగే ముఖ్యంగా కాల్షియం కార్బనేట్. పాలరాయీ ఆ కుటుంబమే. కుళాయి మీద గారని కరిగించిన నిమ్మరసం వీటినీ కరిగిస్తుంది. బాత్రూమ్ యాసిడ్ పోస్తే చెప్పక్కర్లేదు, నునుపంతా పోయి మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఎంత కడిగినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. వీటికి మామూలు సబ్బునీళ్లు చాలు. వంటగట్టు గ్రానైట్ అయితే కాస్త నయం, పులుపుని తట్టుకుంటుంది.

ముత్యాలూ అంతే, అవీ కాల్షియం కార్బనేటే. ముత్యాల దండని నిమ్మరసానికి దూరంగా ఉంచి, మెత్తటి తడిగుడ్డతో తుడవండి చాలు. బంగారు గాజులకి, గొలుసులకి కుంకుడు నురగ హాయిగా వాడుకోవచ్చు.

పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడుతుంది. చాలామంది హడలిపోతారు. టెన్షన్ పడకండి. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే అలా రంగు మారుతుంది. బాగా జాడించి ఎండలో వేయండి. కర్కుమిన్ ఎండకి నిలవదు, మరక వెలిసిపోతుంది. రంగు బట్టలైతే తిరగేసి వేయండి, అసలు రంగు కూడా వెలిసిపోతే కష్టం.

చివరగా, ఒక్క విషయం గట్టిగా చెబుతాను. బాత్రూమ్ యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఈరోజు యాసిడ్‌తో కడిగి, సరిగ్గా నీళ్లు కొట్టకుండా దానిమీదే బ్లీచింగ్ చల్లినా ప్రమాదమే. బ్లీచింగ్‌లో నిమ్మరసం, వెనిగర్ పోసినా అంతే. ముక్కు మండి దగ్గు వచ్చిందంటే, ఆ పని అక్కడే వదిలేసి బయటికి రండి. ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి. పని మనిషి కడిగే ఇళ్లయితే, ఈ మాట ముందు ఆమెకి చెప్పండి.

ఇక మీరు అడగండి.