ఎపిసోడ్ 47: గొంతు ఎవరిది, పేరు ఎవరిది

మరిది: నమస్కారం. చిక్కడపల్లి నుంచి మళ్ళీ మేమే. వదినా, కుక్కర్ ఆపేశారా?

వదిన: ఆపేశాను బాబూ. పోయినసారి మూడు విజిళ్ళు రికార్డయ్యాయని ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో చూశావుగా.

మరిది: ఆ పప్పు ఏం పప్పు అని అడిగినవాళ్ళే ఎక్కువ.

వదిన: దోసకాయ పప్పు. చెప్పేశాను, ఇంక అడగకండి. ఇవాళ నటి రోజారమణి గారి గురించి మాట్లాడుకుందాం. రెండు నెలల నుంచి వాయిదా పడుతూ వస్తోంది. ఇవాళ పక్కదారి పట్టేది లేదు. నీ సురభి నాటకాల ఊసు అసలే వద్దు.

మరిది: నేనైతే మాటివ్వలేదు.

వదిన: 1967లో ఏవీఎం వాళ్ళు తీసిన 'భక్త ప్రహ్లాద'. హిరణ్యకశిపుడు ఎస్వీ రంగారావు గారు, లీలావతి అంజలీదేవి గారు, నారదుడు బాలమురళీకృష్ణ గారు. అంతటివాళ్ళ మధ్య ప్రహ్లాదుడిగా నిలబడ్డ పసిపిల్ల రోజారమణి. రంగారావు గారు గుడ్లురిమితే హాల్లో పెద్దవాళ్ళకే గుండె జారేది. ఆ పిల్ల మాత్రం బెదరదు. ఎదిరించినట్టూ ఉండదు. నాన్న మీద జాలిపడుతున్నట్టు చూస్తుంది. ఆ వయసులో ఆ చూపు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరిది: టీవీలో ఆ సినిమా వస్తే నాన్నగారు భోజనం మధ్యలో లేచి వచ్చేవారు.

వదిన: మామయ్య గారు చెయ్యి కడుక్కుని మరీ దణ్ణం పెట్టేవారు. ఆ పిల్లే పెద్దయ్యాక 1972లో మలయాళంలో 'చెంబరత్తి' చేసింది. అక్కడివాళ్ళకు ఆవిడ శోభన. తమిళంలో చేశారు, ఒడియాలో చేశారు. ఒడియా నటుడు చక్రపాణి గారిని పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళబ్బాయి తరుణ్ చిన్నప్పుడే 'అంజలి'కి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. తర్వాత ఆవిడ తెర మీద తగ్గి డబ్బింగ్‌కి వెళ్ళారు. వందల సినిమాల్లో ఎంతమంది హీరోయిన్లకు తన గొంతు ఇచ్చారో. ఇక్కడే నాకు బాధ. ఆవిడ మీద వచ్చిన ఏ వ్యాసం చూసినా ప్రహ్లాదుడి దగ్గర రెండు పేజీలు, డబ్బింగ్ దగ్గర ఒక్క ముక్క. రిటైరయ్యాక కాలక్షేపానికి పెట్టుకున్న పని అన్నట్టు.

మరిది: కోప్పడనంటే ఒక మాట.

వదిన: అను.

మరిది: డబ్బింగ్ గొప్ప పనే. కాదనను. కానీ అది సగం నటనే కదా వదినా. ఒళ్ళు లేదు, చూపు లేదు. రంగస్థలం మీద నటికి కాలి బొటనవేలి దగ్గర్నుంచి...

వదిన: ఇదిగో, వచ్చేసింది సురభి.

మరిది: రానివ్వండి! అసలు ప్రహ్లాదుడి మాట ఎత్తింది మీరే. 1932లో మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'కు మూలం సురభి వాళ్ళ నాటకం. అందులో లీలావతి సురభి కమలాబాయి. ఆవిడ స్టేజీ మీదే పుట్టిందంటారు. తల్లికి నాటకం మధ్యలో నొప్పులు వస్తే, అదీ నాటకమే అనుకుని జనం డబ్బులు విసిరారట. అలాంటి మనిషి కెమెరా ముందు నిలబడి తన పాట తనే పాడుతూ, తన మాట తనే చెబుతూ నటించింది. ముఖం, ఒళ్ళు, గొంతు అన్నీ ఒకే మనిషివి. నేను నటన అనేది దాన్ని.

వదిన: ఆవిడ గొప్పతనాన్ని నేను కాదన్నానా? డబ్బింగ్ సగం పని అన్నావు చూడు, అదీ నా బాధ. డబ్బింగ్ గది ఎప్పుడైనా చూశావా?

మరిది: మీరు చెబితే విన్నాను.

వదిన: మళ్ళీ విను. పాత రోజుల్లో లూపులు ఉండేవి. సీను రీలును చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క రెండు కొసలూ అతికించి ప్రొజెక్టర్‌కి ఎక్కించేవారు. అదే ముక్క తిరుగుతూ ఉంటుంది. ఆ పెదవులు చూస్తూ, అవి తెరుచుకునే క్షణానికి నీ గొంతు లేవాలి. ఒక గింగిరం తప్పితే మళ్ళీ ముక్క తిరిగొచ్చేదాకా ఆగాలి. చీకట్లో, ఫ్యాన్ లేకుండా. ఫ్యాన్ శబ్దం మైకుకు ఎక్కుతుంది కదా.

మరిది: ఇప్పుడు కంప్యూటర్ మీద ఒక్కో లైనూ విడిగా తీసుకుంటారు కదా.

వదిన: అవును, సులువైంది. పెదవి కలపడం మాత్రం సులువు కాలేదు. ప, బ, మ అనాలంటే పెదవులు మూతపడాలి. ఒకసారి ఒక అమ్మాయి, తెలుగు రాని అమ్మాయి, తప్పు కాదులే, సెట్లో ఏదో చెప్పింది. పేపర్ మీద 'వెళ్ళిపో' అని ఉంది. తెర మీద ఆ పిల్ల పెదవులు మూయనే లేదు. నువ్వు 'పో' అంటే హాల్లో ప్రతివాడికీ తేడా తెలుస్తుంది. రాసినాయన తలపట్టుకున్నారు. చివరికి 'వెళ్ళు ఇక్కణ్ణించి' అని మార్చారు. అందులో పెదవి మూసే అక్షరం ఒక్కటీ లేదు, చూసుకో.

మరిది: వెళ్ళు... ఇక్కణ్ణించి. అవును! నిజమే.

వదిన: ఇక అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. 'వెళ్ళిపో'లో 'పో' దగ్గర కోపం బయటికి తన్నుకొస్తుంది. 'ఇక్కణ్ణించి'లో ఆ దెబ్బ లేదు. ఆ కోపాన్ని 'క్క' దగ్గరికి తెచ్చుకోవాలి. అది నటన కాదా? ఆ పిల్ల కళ్ళల్లో ఎంత కోపం ఉందో అంతే నీ గొంతులో ఉండాలి. ఎక్కువైతే అరుపు, తక్కువైతే పాఠం అప్పజెప్పినట్టు. ఒళ్ళు లేదన్నావు. ఒళ్ళంతా గొంతులోకి తెచ్చుకోకపోతే ఆ మాట రాదు. పరిగెత్తే సీనుకు మైకు ముందు నిలబడి రొప్పాలి. ఏడుపుకు నిజంగానే ఏడవాలి.

మరిది: ఒప్పుకుంటున్నాను. కానీ కమలాబాయి...

వదిన: కమలాబాయి గారిని కాసేపు కూర్చోబెట్టు. శారద గారి సంగతి చెప్పు. మన తెనాలి శారద. నాటకాల్లో నుంచి వచ్చిన మనిషి, నీకు నచ్చే రకమే. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి. అందులో రెండు మలయాళ సినిమాలకు, 'తులాభారం', 'స్వయంవరం'. అవునా?

మరిది: అవును.

వదిన: చాలా మలయాళ సినిమాల్లో శారద గారికి గొంతు ఎవరిది? టి.ఆర్. ఓమన గారిది. ఆవిడా నటే. మలయాళీలు శారద గారి బాధ విని కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు, కళ్ళు తెనాలివి, మాట కేరళది.

మరిది: అంటే శారద గారి నటన సగమంటారా?

వదిన: అయ్యో, ఎప్పుడన్నాను? ఆవిడ పేరులోంచి ఒక్క అక్షరం తీయమనలేదు. పక్కన ఇంకో పేరు రాయమంటున్నాను. అంతే నా గొడవ.

మరిది: ప్రేక్షకుడు నమ్మేది ముఖాన్ని వదినా. ఈ గొంతు ఆ మనిషిది కాదని తెలిస్తే నమ్మకం పోతుందని నిర్మాతల భయం. అందుకే దాచారేమో. మోసం చేయాలని కాదు.

వదిన: పాటకు ఎందుకు పోలేదు ఆ నమ్మకం? హీరోయిన్ పెదవులు కదుపుతుంటే పాడుతున్నది సుశీల గారని ఊళ్ళో చిన్నపిల్లకు కూడా తెలుసు. రికార్డు మీద పేరు ఉంది. రేడియోలో చెప్పారు. ఒక్కడైనా లేచి వెళ్ళిపోయాడా? పాటకు లేని భయం మాటకు ఎందుకు?

మరిది: (కొద్దిసేపు మౌనం) దీనికి నా దగ్గర జవాబు లేదు.

వదిన: రేడియో అన్నాను కాబట్టి చెబుతున్నాను. శారదా శ్రీనివాసన్ గారు. హైదరాబాద్ రేడియో స్టేషన్. చలం గారి 'పురూరవ'లో ఊర్వశి ఆవిడే. ముఖం చూడకుండానే ఎంతమంది ఆ ఊర్వశిని ప్రేమించారు! ఒళ్ళు లేదన్నావే, ఊర్వశికి ఒళ్ళు ఎక్కడి నుంచి వచ్చింది? వినేవాళ్ళే తలా ఒక ఊర్వశిని చేసుకున్నారు. నాటకం అయ్యాక 'ఇందులో పాల్గొన్నవారు' అని పేర్లు చదివేవారు. గొంతుకు పేరు ఉండేది అక్కడ.

మరిది: ఆ స్టేషన్లోనే స్థానం నరసింహారావు గారు కూడా పనిచేశారు. సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఊపేసిన మగమనిషి. చూశారా, నాటకరంగం లేకపోతే మీ రేడియో కూడా...

వదిన: నువ్వు తిరిగి తిరిగి అక్కడికే వస్తావు.

మరిది: వస్తాను వదినా. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం మెట్ల మీద 'మాయాబజార్' చూసిన రోజు మర్చిపోలేను. 1885లో కడప జిల్లాలో మొదలైన కుటుంబాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. శేరిలింగంపల్లి దగ్గర సురభి కాలనీకి వెళితే, పొద్దున ఇంట్లో వంట చేసిన అమ్మాయే సాయంత్రం శశిరేఖ. తెర లేచాక ఆవిడకు ఇంకో టేక్ ఉండదు. జలుబు చేసినా అదే గొంతు, అదే మాట, చివరి వరుసదాకా వినిపించాలి. అది చూసినవాణ్ణి కాబట్టే డబ్బింగ్ అంటే కొంచెం... నాకే తెలియని చిన్నచూపు ఉంది. ఇవాళ అర్థమవుతోంది.

వదిన: చిన్నచూపు అన్న మాట నువ్వే అన్నావు. మంచిదే.

మరిది: ఇప్పుడు మారిందిగా కొంత. 2010లో 'ఏ మాయ చేసావె'లో సమంతకు గొంతు గాయని చిన్మయిది అని అందరికీ తెలిసింది. 2018లో 'మహానటి'కి సమంత తన గొంతే ఇచ్చుకుంటే దాని గురించి కూడా మాట్లాడుకున్నారు. సరిత గారు, ఎస్పీ శైలజ గారు, సునీత గారు డబ్బింగ్ చెప్పారని జనానికి తెలుసు.

వదిన: వాళ్ళంతా ముందే పేరున్నవాళ్ళు. 'మరో చరిత్ర'తో సరిత గారి ముఖం తెలుసు, 'సాగర సంగమం'లో శైలజ గారిని చూశాం, సునీత గారి పాట తెలుసు. పేరు ఉన్నవాళ్ళకు ఇంకో పేరు వచ్చింది. అసలు పేరే లేనివాళ్ళు, హీరోయిన్ చెల్లెలు, స్నేహితురాలు, పక్కింటామె, నర్సు... వాళ్ళ గొంతులు ఎవరివి?

మరిది: మీవి.

వదిన: (మౌనం)

మరిది: చెప్పండి వదినా. ఆ సంగతి ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు.

వదిన: చెప్పడానికేముంది. పెళ్ళికి ముందు మూడేళ్ళు చేశాను. ఒక సినిమాలో హీరోయిన్ స్నేహితురాలు. పాత్ర చిన్నదే కానీ ఆసుపత్రి సీను ఒకటి ఉంది, మంచి సీను. ఆ ఏడుపు పదకొండుసార్లు ఏడ్చాను. బయటికి వచ్చేసరికి ఆటో అతనికి అడ్రసు చెప్పడానికి గొంతు రాలేదు. చీటీ మీద రాసిచ్చాను. అమ్మకు ఏ సినిమానో చెప్పలేదు. రిలీజయ్యాక ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా ఆటకు తీసుకెళ్ళాను. ఆ సీను రాగానే అమ్మ తెరకేసి చూడటం మానేసి నా వైపు తిరిగింది. చీకట్లో నా చెయ్యి పట్టుకుని 'ఎందుకే ఏడుస్తున్నావు' అంది. నేను ఏడవడం లేదు. తెర మీద గొంతు విని, నేనే ఏడుస్తున్నాననుకుంది.

మరిది: వదినా...

వదిన: ఆట అయ్యాక అమ్మ లేవలేదు. పేర్లు వేస్తారేమో చూద్దామంది. నేను మొదట్లోనే అన్నీ చూశాను. లేదు. లైట్లు వేశారు, ఊడ్చేవాళ్ళు వచ్చారు. అమ్మ ఇంకా తెరకేసే చూస్తోంది. అడుగుదామా అంది. ఎవర్ని అడుగుతాం?

మరిది: ఆ సినిమా పేరు చెప్పండి. ఈ ఎపిసోడ్ కింద రాస్తాను. ఫలానా సీనులో ఈ గొంతు మా వదినదని.

వదిన: వద్దు.

మరిది: ఎందుకు వద్దు? ఇప్పటిదాకా మీరు అడిగింది అదేగా!

వదిన: ఆ పాత్ర వేసిన అమ్మాయి ఉంది కదా. పాపం ఆ ఒక్క సీనే ఆ పిల్లకు. బాగా చేసింది. నా పేరు రాస్తే ఆ పిల్ల పేరూ రాయాలి పక్కన. అసలు ఆ పిల్ల పేరైనా టైటిల్స్‌లో వేశారో లేదో... నేను నా పేరు వెతుక్కున్నాను కానీ ఆ పిల్ల పేరు చూడలేదు.

మరిది: ఇప్పుడు చూద్దాం. సినిమా యూట్యూబ్‌లో ఉంటుంది. ఫోన్ ఇవ్వండి.

వదిన: ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటాను. వంటింట్లో ఉంది.

మరిది: రికార్డింగ్ ఆపనా?

వదిన: ఆపేయ్.