అడవి పంట

శ్రోతలకు నమస్కారం. ఈరోజు అడవి పంట గురించి మాట్లాడుకుందాం.

విత్తేవాళ్లు, కోసేవాళ్లు లేకపోయినా అడవి ఏటా పండుతూనే ఉంటుంది. ఎండ, నీరు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిపి ఆకు ఆహారం తయారుచేస్తుంది. అది చెట్టు సంపాదన. అందులో దాదాపు సగం చెట్టు బతకడానికే, ఊపిరి తీసుకోవడానికే ఖర్చయిపోతుంది. మిగిలిందే చిగురు, కాండం, వేరు, కాయ అవుతుంది. జింక మేసే మేతయినా, మనం సంతలో కొనే ఉసిరికాయయినా ఆ మిగులులోంచి రావలసిందే.

ఎండలు ముదిరితే ఈ లెక్క రెండు వైపులా దెబ్బతింటుంది. 2024 ఏప్రిల్ ఆఖర్లో మన బెంగళూరులోనే 38.5 డిగ్రీలు నమోదైంది. గాలి అంత వేడిగా, పొడిగా ఉన్నప్పుడు ఉన్న నీరు ఆవిరైపోకుండా ఆకు తన సూక్ష్మరంధ్రాలు మూసేస్తుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, సంపాదన పడిపోతుంది. అదే వేడికి శ్వాస ఖర్చు పెరుగుతుంది. రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే ఆ ఖర్చు తెల్లవార్లూ సాగుతుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్లకు మేలే కదా అని అడిగేవాళ్లున్నారు. ఫ్యాక్టరీలు రాకముందు అది పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. నీరు, నత్రజని దండిగా ఉన్నచోట దానివల్ల ఆకు పెరిగే మాట నిజమే. కానీ మన దక్కను వైపు ఆకురాల్చే అడవులకు అసలు కొరత నీటిదే. నాలుగు రోజులు కుండపోతగా కురిసి, ఆ తర్వాత నెల పాటు మొహం చాటేసే వానతో వాటి దప్పిక తీరదు.

ఉపగ్రహ చిత్రాల్లో దేశం పచ్చబడిందన్న వార్త కూడా మీరు వినే ఉంటారు. 2019లో వెలువడిన ఆ నాసా అధ్యయనం మాట వాస్తవమే. అయితే మన దేశంలో పెరిగిన ఆ పచ్చదనంలో 82 శాతం పంట పొలాలది. అడవుల వాటా 4.4 శాతమే.

కర్ణాటకలోని కోలారు, చింతామణి, ముళబాగిలు వైపు మన తెలుగువాళ్లకు చుట్టరికాలు ఎక్కువ. ఆ దారుల్లో నీలగిరి, అంటే యూకలిప్టస్ తోపులు అందరికీ తెలిసినవే. 1980లలో సామాజిక అడవుల పేరుతో అక్కడ వాటిని విరివిగా నాటారు. కలప టన్నుల్లో లెక్కేస్తే ఆ తోపు బాగా పండినట్టే. లోపలికి దిగి చూడండి, నేల మీద ఎండాకే తప్ప మేకకు సరిపడా గడ్డి ఉండదు. బోర్లు అడుగంటడానికి నీలగిరి ఒక్కటే కారణమని నేను అనను. ఆ వేర్లు లోతు నీటిని తాగేస్తాయని మాత్రం రైతులు ఏనాటి నుంచో మొత్తుకుంటున్నారు. చివరికి 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది.

చామరాజనగర జిల్లా బిళిగిరి రంగన కొండల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడి ఆదివాసీలు సోలిగలు. ఎండాకాలం ముదరకముందే రాలిన ఆకుకు వాళ్లు సన్నగా నిప్పు పెట్టేవారు. మంట మోకాలి ఎత్తు దాటకుండా పాకిపోయేది. 1974లో ఆ కొండలు అభయారణ్యం అయ్యాక ఆ నిప్పును ఆపేశారు. అడవిని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ తర్వాత లంటానా కంప, అదే కొన్నిచోట్ల మనం పులికంప అంటామే, అది పొదలు పొదలుగా కమ్మేసింది. ఉసిరి చెట్ల మీద బదనిక పెరిగింది. బదనిక కొమ్మలోకి వేళ్లు దింపి నీరు పీల్చేస్తుంది. కాపు తగ్గుతుంది, కొమ్మ ఎండుతుంది, చివరికి చెట్టే పోతుంది. వెనకటి సన్న మంటల సెగ లేత బదనికను అదుపులో పెట్టేదని సోలిగలు చెబుతారు. బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు వాళ్లతో కలిసి ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఉసిరి ఏరుకుని బతికే ఇళ్లకు కాపు తగ్గడమంటే నేరుగా కూటికి దెబ్బే.

పోనీ నిప్పు లేకుండా ఉంటుందా అంటే అదీ లేదు. పేరుకుపోయిన ఎండాకుకు, ఎండిన కంపకు కరువు తోడైతే చిన్న నిప్పురవ్వ చాలు. 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బండీపూర్ పులుల అడవిలో వేల ఎకరాలు కాలిపోయాయి. అలాంటి పెద్ద మంటలో లేత మొక్కలు మాడిపోతాయి, రేపు చెట్లయ్యేవి అవే కదా. ఎప్పుడు, ఎక్కడ, ఎంత నిప్పు అన్నది సోలిగలను కూర్చోబెట్టి అడిగి నిర్ణయించాలని నేను గట్టిగా నమ్ముతాను. 2011లో వాళ్ల అటవీ హక్కులను గుర్తించారు. వాళ్ల అనుభవానికీ ఆ గుర్తింపు దక్కాలి.

లంటానాను తీయడానికీ పద్ధతి ఉంది. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. నేలకు ఒకటి రెండు అంగుళాల లోపల తల్లివేరు కోసి, పొదను తలకిందులుగా ఎండలో పడేయాలి. ఖాళీ అయిన చోట అక్కడి గడ్డినే మళ్లీ పెంచాలి. పిట్టలు కాయలు తిని గింజలు తెచ్చి వేస్తూనే ఉంటాయి కాబట్టి తర్వాత కొన్నేళ్ల పాటు తిరిగి వచ్చి మొలకలు పీకాలి. మొదటి ఏడు పీకే పనికి డబ్బిచ్చి, తర్వాతి ఏళ్ల కలుపుకు ఇవ్వకపోతే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ కలుపు కూలి అటవీ శాఖ బడ్జెట్‌లో ఏటా ఉండాలి, ఆ పని ముందుగా ఆ కొండల మీది ఊళ్లవాళ్లకే దక్కాలి.

నమస్కారం.