రూకకు ఒక పూట భోజనం

అందరికీ నమస్కారం.

సురవరం ప్రతాపరెడ్డి గారు అనగానే 1926లో మొదలైన గోలకొండ పత్రిక గుర్తొస్తుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నవాళ్లకు జవాబుగా 1934లో 354 మంది పద్యాలతో తెచ్చిన సంచిక గుర్తొస్తుంది. ఇవన్నీ మీకు తెలిసినవే. ఈ పూట ఆయన మన పూర్వుల విస్తళ్లలోకి తొంగిచూసిన సంగతి మాత్రం చెబుతాను.

1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలు వెనక్కి పోతాయి. జనం ఏం కట్టారు, ఏం ఆడారు, ఏం తిన్నారు అన్నవి ముందుకొస్తాయి. శాసనాల్లో పప్పూ కూరా దొరకవు కదా! అందుకే ఆయన కావ్యాలను పట్టుకున్నారు. మనం అలంకారాల కోసం చదివే పద్యాన్ని, లా చదివిన ఈ మనిషి సాక్షిలా బోనెక్కించారు.

క్రీడాభిరామం అనే పాత కావ్యం చూడండి. ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల వారి పూటకూళ్ల ఇల్లు. రూక ఇస్తే కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. ధరతో సహా ఉంది, ఇంతకంటే మెనూ కార్డు ఏముంటుంది?

అయితే ఇది డబ్బున్నవాడి భోజనం. పేదవాడి కంచం గురించి కవులు అంతగా నోరు విప్పరు. ఎక్కడైనా విప్పితే అది వెక్కిరింతే. పల్నాటిలో మన్మథుడైనా జొన్నకూడే తినాలని శ్రీనాథుడి పేరుమీద ఒక చాటువుంది. రాజుల పంక్తిలో తిన్న కవికి అది పెద్ద కష్టమే మరి! చరిత్రకారుడికి ఆ విసుగుతో పనిలేదు, ఆ సీమలో జొన్న తిన్నారన్న కబురు చాలు.

ఇలా చదవడం ప్రతాపరెడ్డి గారి దగ్గర నేర్చుకున్నాక శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద మళ్లీ తీశాను. అందులో విష్ణుచిత్తుడనే భక్తుడు అతిథులకు వేసవిలో పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్లు ఇస్తాడు. చలికాలం కూరల్లో నాలుక చురుక్కుమనేది మిరియాలతోనే. మిరపకాయ ఊసే లేదు. అది పోర్చుగీసు ఓడల్లో వచ్చిన సరుకు, మన వంటింటికి ఇంకా చేరలేదు.

'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగులో అదే మొదటిది. అప్పటికి ప్రతాపరెడ్డి గారు పోయి రెండేళ్లు.